ఎరుపు తగ్గింది, తామర తగ్గలేదు

మా మేనల్లుడు అమీర్‌పేటలో ఒక హాస్టల్‌లో ఉండి కోచింగ్ తీసుకునేవాడు. గదికి నలుగురు. బాత్‌రూమ్‌లో అందరికీ కలిపి రెండు బకెట్లు. కిటికీ ఊచలకి ఆరేసిన జీన్స్ ప్యాంట్లు పూర్తిగా ఆరకముందే మళ్లీ ఒంటి మీదికి ఎక్కేవి. వానాకాలంలో వాడికి గజ్జల్లో దురద మొదలైంది. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. మెడికల్ షాపులో జనం లేని టైం చూసి, "అన్నా, గజ్జల్లో దురదగా ఉంది, ఏదైనా ఆయింట్‌మెంట్ ఉంటే ఇవ్వవా" అని అడిగాడట. "ఇది రాయి తమ్ముడూ, రెండ్రోజుల్లో పోద్ది" అని షాపతను ఒక ట్యూబు చేతిలో పెట్టాడు.

నిజంగానే రెండు రోజుల్లో దురద పోయింది. ఎరుపు కూడా పోయింది. వీడు ట్యూబు పక్కన పడేశాడు. వారం తిరక్కుండా మళ్లీ వచ్చింది, ఈసారి ఇంకాస్త పెద్దగా. మళ్లీ అదే ట్యూబు, మళ్లీ రెండు రోజుల సుఖం. అలా 7 నెలలు గడిపాడు. సంక్రాంతికి ఇంటికొచ్చి సరిగ్గా కూర్చోలేక ఇబ్బంది పడుతుంటే నేను నిలదీస్తే అప్పుడు చెప్పాడు. అప్పటికి రెండు తొడలూ దాటి నడుము చుట్టూ, పిరుదుల మీదికీ పాకింది. తొడల లోపలివైపు బాలింత పొట్ట మీద ఉండే చారల్లాంటివి, ఎర్రగా, వేలెడంత పొడుగున కనిపించాయి. ఇరవై రెండేళ్ల కుర్రాడి తొడల మీద ఆ చారలేమిటో నాకు అర్థం కాలేదు.

ఆ చారల సంగతి తెలుసుకోవాలని మొదలుపెట్టిన వెతుకులాటే ఈ వ్యాసం. మా వాడికి వచ్చింది తామర. ఇది మా ఇంటి కథ మాత్రమే కాదు. గత పదేళ్లకు పైగా దేశమంతా చర్మ వైద్యుల దగ్గర కూర్చునే జనంలో పెద్ద వాటా ఈ తామరదే. ఒకప్పుడు రెండు మూడు వారాల పూతమందుతో పోయే జబ్బు ఇప్పుడు నెలల తరబడి ఇంటిల్లిపాదినీ వేధిస్తోంది. దీనికి వేడి, చెమట, బిగుతు బట్టలు అన్నీ కారణాలే. కానీ మొండిగా మార్చింది మాత్రం ఆ రెండు రోజుల ట్యూబేనని చర్మ వైద్యుల్లో చాలామంది గట్టిగా చెబుతున్నారు. వాళ్లు చెప్పింది విన్నాక, మా వాడి ఒంటి మీద చూశాక, నాకూ అందులో అనుమానం మిగల్లేదు.

ముందు తామర ఎలా బతుకుతుందో చూద్దాం. అది ఒక ఫంగస్, అంటే బూజు జాతి. మన చర్మం పై పొర మొత్తం చనిపోయిన కణాలే. అందులో కెరటిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. జుట్టులోనూ గోళ్లలోనూ ఉండేది అదే. ఈ ఫంగస్‌కి తిండి ఆ కెరటినే. అందుకే ఇది లోపలికి, రక్తంలోకి వెళ్లదు. చర్మం మీదే పక్కలకి పాకుతుంది. కోత అయిపోయాక చేలో కొయ్యకాళ్లకి నిప్పు పెడితే ఎలా ఉంటుందో చూసే ఉంటారు. మధ్యలో కాలిపోయి చల్లారిపోతుంది, మంట మాత్రం అంచున గుండ్రంగా ముందుకు జరుగుతూ ఉంటుంది. తామరా అంతే. మధ్యలో చర్మం కాస్త మామూలుగా కనిపిస్తుంది. అంచు మాత్రం ఉబ్బుగా, ఎర్రగా, సన్నటి పొట్టుతో, కొన్నిసార్లు చిన్న చిన్న పొక్కులతో ఉంటుంది. చామనఛాయ ఒంటి మీద ఆ ఎరుపు ముదురు గోధుమ రంగులోనో నల్లగానో కనిపించవచ్చు. కాబట్టి రంగు కంటే అంచునే నమ్ముకోవాలి. వేలితో తడిమితే కట్టలా తగులుతుంది.

ఆ ఎరుపు, దురద, వాపు మాత్రం ఫంగస్ సొంతంగా చేసేవి కావు. చర్మం మీద చేరిన దాన్ని తరిమేయడానికి మన ఒళ్లు చేసే పోరాటం అది. మా వాడి ట్యూబులో ఉన్నది స్టెరాయిడ్, అంటే ఎరుపునీ వాపునీ అణిచే మందు. స్టెరాయిడ్ కలిసిన పూతమందు ఏం చేస్తుందంటే ఆ పోరాటాన్ని ఆపేస్తుంది. దొంగ దొడ్లోకి దూరితే కుక్క మొరుగుతోంది. నిద్ర చెడుతోందని కుక్క నోరు కట్టేశాం. ఇల్లు నిశ్శబ్దమైపోయింది, దొంగ మాత్రం లోపలే ఉన్నాడు, ఇప్పుడు వాడికి అడ్డే లేదు. మా వాడికి రెండు రోజుల్లో ఎరుపు తగ్గడం, వారంలో రెట్టింపై రావడం రెండూ అందుకే.

ఇంకో నష్టం కూడా ఉంది. పోరాటం ఆగిపోయాక ఆ గుండ్రటి అంచు చెదిరిపోతుంది. మచ్చ ఆకారం మారిపోయి, ఎగ్జిమాలాగానో మరేదో అలర్జీలాగానో కనిపిస్తుంది. కొందరిలో ఒక వలయం లోపల ఇంకో వలయం తేలుతుంది. ఇలా ముసుగేసుకున్న తామరకి వైద్యులు 1968లోనే 'టీనియా ఇన్‌కాగ్నిటో' అని పేరు పెట్టారు, అంటే మారువేషంలో ఉన్న తామర. కొత్తగా చూసిన డాక్టరు కూడా ఒక్కోసారి పొరబడేంత మార్పు వస్తుంది.

మా వాణ్ని తీసుకెళ్లిన చర్మ వైద్యురాలు మొదట అడిగింది, "ఇంతవరకు ఏం రాశావు, ఆ ట్యూబులన్నీ తెచ్చావా?" అని. తరవాత మచ్చ అంచున సర్జికల్ బ్లేడు మొద్దువైపుతో మెల్లగా గీకింది. గాజు పలక మీద పిండి రాలినట్టు తెల్లటి పొట్టు రాలింది. దాని మీద పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం ఒక చుక్క వేసి, కాసేపు ఆగి, మైక్రోస్కోపు కింద పెట్టింది. నన్నూ చూడమంది. చర్మపు పొట్టంతా కరిగి మసకగా పలచబడిన చోట, సన్నటి గాజు దారాల్లాంటివి కొమ్మలు వేసుకుంటూ అడ్డదిడ్డంగా పాకి ఉన్నాయి. వెదురులా కణుపులు కణుపులుగా ఉన్నాయి. అదే ఫంగస్. పెద్ద ల్యాబు అక్కర్లేదు, కొన్ని నిమిషాల పని. 7 నెలల్లో ఎవరైనా ఒక్కసారి ఈ పరీక్ష చేసి ఉంటే కథ అక్కడితో ఆగేది.

తొడల మీద చారలు స్టెరాయిడ్ వల్లేనని ఆవిడే చెప్పింది. స్టెరాయిడ్‌ని రోజూ ఒకేచోట రాస్తే చర్మం పలచబడిపోతుంది. గజ్జలు, చంకలు, రొమ్ముల కింద లాంటి మడతల్లో చర్మం మామూలుగానే పలచన, పైగా మందు అక్కడ ఎక్కువగా ఇంకుతుంది. అందుకని అక్కడ చర్మం లోపల చిరిగినట్టై చారలు పడతాయి. మొహం మీద రాస్తే మొటిమలు, సన్నటి రక్తనాళాలు తేలడం, వెంట్రుకలు పెరగడం, ఎండలోకి వెళ్తే మంట. మంగు మచ్చలకనీ, రంగు రావడానికనీ నెలల తరబడి ట్యూబు రాసుకునే ఆడపిల్లలకి ఈ మొహం సమస్యే ఎక్కువ.

స్టెరాయిడ్ పూతమందు విషమేం కాదని ఇక్కడ గట్టిగా చెప్పాలి. ఎగ్జిమాకి, సోరియాసిస్‌కి, కొన్ని రకాల అలర్జీలకి అదే సరైన మందు, డాక్టరు చెప్పిన చోట, చెప్పినన్ని రోజులు రాస్తే. స్టెరాయిడ్ పేరు వినగానే భయపడి, ఎగ్జిమాతో రక్తం కారేలా గోక్కుంటున్న పిల్లలకి రాయకుండా ఆపేసే తల్లిదండ్రులూ ఉన్నారు. అదీ తప్పే. తామరకీ గజ్జికీ రాయడమే ప్రమాదం.

మరి మీ ఇంట్లో ఉన్న ట్యూబు సంగతి ఎలా తెలుస్తుంది? పెద్ద అక్షరాల్లో ఉన్న కంపెనీ పేరు వదిలేయండి. దాని కింద చిన్న అక్షరాల్లో మందు పేర్లు ఉంటాయి. అందులో క్లోబెటసాల్, బీటామెథసోన్, బెక్లోమెథసోన్, మోమెటసోన్, ఫ్లూసినోలోన్, హాలోబెటసాల్ లాంటి పేరు ఒక్కటున్నా అందులో స్టెరాయిడ్ ఉన్నట్టే. వాటి పక్కనే ఫంగస్ మందు, యాంటీబయాటిక్ కూడా కలిపి ఉండొచ్చు. మూడు నాలుగు మందులు ఒకే ట్యూబులో ఉంటే దేనికైనా పనిచేస్తుందిలే అనుకుంటాం. జబ్బేమిటో తేల్చకుండా అన్నిటికీ కలిపి రాయడమే ఇక్కడ ఇబ్బంది తెచ్చేది. 2018 మార్చిలో కేంద్ర ఆరోగ్య శాఖ 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని నిబంధన తెచ్చింది. చర్మ వైద్యుల జాతీయ సంఘం దీని కోసం ఏళ్ల తరబడి పట్టుబట్టింది. నిబంధన వచ్చినా, చీటీ అడగని కౌంటర్లు ఎన్ని ఉన్నాయో మనందరికీ తెలుసు.

ఈ చిక్కుకి మన మాటలు కూడా కొంత కారణం. తెలుగులో చర్మ రోగాల పేర్లు ఊరికొక రకంగా, ఇంటికొక రకంగా వాడతాం. కొందరు ఎగ్జిమాని కూడా తామర అనే అంటారు. దురద పెట్టే ప్రతిదీ గజ్జి అనేవాళ్లున్నారు. శోభి అంటే కొన్నిచోట్ల ఛాతీ మీద వచ్చే తెల్లటి పొడ మచ్చలు, ఇంకొన్నిచోట్ల బుగ్గల మీద వచ్చే మంగు. అమ్మమ్మ "అది గజ్జిరా" అంటే, షాపులో మనం "గజ్జి మందివ్వు" అంటాం, అతను తనకి తెలిసిన గజ్జికి మందిస్తాడు. కాబట్టి పేరుతో అడక్కండి. ఎక్కడ వచ్చింది, ఎప్పుడు మొదలైంది, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా, రాత్రి ఎక్కువా పగలా, ఇంతవరకు ఏం రాశారు, ఇవి చెప్పండి. సగం సంగతి వాటితోనే తేలుతుంది.

అసలు గజ్జి ఫంగస్ కాదు. కంటికి కనీకనబడని ఒక పురుగు చర్మం పై పొరలో సొరంగం తవ్వి గుడ్లు పెడుతుంది. పొడవు అర మిల్లీమీటరు కూడా ఉండదు. వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ, నడుము, మర్మాంగాల దగ్గర చిన్న చిన్న పొక్కులు వస్తాయి. రాత్రి పక్క మీదికి చేరాక దురద విపరీతంగా పెరుగుతుంది. ఇంట్లో ఒకరి తరవాత ఒకరు గోక్కోవడం మొదలుపెడితే దీన్నే ముందుగా అనుమానించాలి. మొదటిసారి సోకినప్పుడు దురద మొదలవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు. అంటే దురద లేనివాళ్ల ఒంటి మీద కూడా పురుగు ఉండొచ్చు. అందుకే మందు ఇంట్లో అందరూ ఒకే రాత్రి రాసుకోవాలి. 5 శాతం పెర్మెత్రిన్ క్రీమును మెడ నుంచి అరికాళ్ల దాకా, వేళ్ల సందులు, గోళ్ల కింద, బొడ్డు కూడా వదలకుండా రాసి, రాత్రంతా ఉంచి పొద్దున స్నానం చేయాలి. వారం తరవాత మరోసారి. దురద ఉన్నచోట మాత్రమే చుక్క చుక్క రాసుకుని "మందు పనిచేయలేదు" అనేవాళ్లే ఎక్కువ. దుప్పట్లు, బట్టలు వేడినీళ్లలో ఉతకాలి. ఉతకలేనివి కవర్లో మూటకట్టి నాలుగైదు రోజులు పక్కన పెడితే చాలు, మనిషి ఒంటిని వదిలి ఆ పురుగు రెండు మూడు రోజులకి మించి బతకదు. పురుగు చచ్చాక కూడా రెండు మూడు వారాలు దురద ఉంటుంది. ఆ దురద చూసి కంగారుపడి మళ్లీ మళ్లీ మందు రాస్తే చర్మం మండుతుంది. పసిపిల్లలకీ గర్భిణులకీ డాక్టరుని అడిగే రాయాలి.

ఎగ్జిమాకి అంత స్పష్టమైన గుండ్రటి అంచు ఉండదు. చర్మం పొడిబారి, గరుకుగా, ఏళ్ల తరబడి గోకి గోకి మందంగా మారి ఉంటుంది. పిల్లల్లో మోచేతి మడతల్లో, మోకాలి వెనక వస్తుంది. కొత్త సబ్బు, సిమెంటు పని, రోల్డ్‌గోల్డ్ గొలుసు, జుట్టు రంగు లాంటివి తగిలిన చోట కూడా వస్తుంది. దీనికి స్నానం చేసి తడి ఆరకముందే మాయిశ్చరైజరో కొబ్బరినూనో పట్టించడం సగం వైద్యం. తామర మీద మాత్రం కొబ్బరినూనె పట్టించినా ఫంగస్ చావదు. చెమటకాయల సంగతి అందరికీ తెలిసిందే, చెమట గ్రంథుల నోళ్లు మూసుకుపోయి వస్తాయి. చల్లగా, గాలి ఆడేలా ఉంచితే వాటంతటవే పోతాయి. దళసరిగా పౌడరు కొట్టకండి.

ఛాతీ మీద, వీపు మీద, మెడ మీద లేత రంగు మచ్చలు, గోటితో గీరితే సన్నటి పొట్టు, దురద పెద్దగా లేకపోవడం, ఇవి శోభికి గుర్తులు. ఇదీ ఫంగస్సే, కానీ తామర జాతి కాదు. అందరి చర్మం మీదా మామూలుగా ఉండే ఈస్ట్ చెమటకి ఎక్కువై వస్తుంది, ఒకరి నుంచి ఒకరికి అంటదు. కీటోకోనజోల్ షాంపూ ఒంటికి రాసి కాసేపు ఉంచి కడగడంతో చాలామందికి తగ్గుతుంది. ఫంగస్ పోయినా చర్మం రంగు మామూలుకి రావడానికి నెలలు పడుతుంది. ఆ ఆలస్యాన్ని చూసి మందు పనిచేయలేదనుకోకండి.

లేత రంగు మచ్చ విషయంలో మాత్రం ఒక పరీక్ష ఇంట్లోనే చేయాలి. కళ్లు మూసుకోమని చెప్పి, దూది పోగుతో మచ్చ మీద, మచ్చ పక్కన తాకి ఎక్కడ తగిలిందో చూపించమనాలి. మచ్చ మీద స్పర్శ తెలియకపోతే, తక్కువగా తెలిసినా, అది కుష్ఠు కావచ్చు. భయపడాల్సింది ఆలస్యానికే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందులు ఉచితంగా ఇస్తారు, మొదట్లోనే మొదలుపెడితే పూర్తిగా నయమవుతుంది, అంగవైకల్యం రాదు. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి మచ్చల గురించి అడిగితే దాచకుండా చూపించండి.

ఇక తామర వైద్యానికొద్దాం. చిన్న మచ్చ, కొత్తగా వచ్చింది, ఇంతవరకు స్టెరాయిడ్ తగలలేదు అంటే క్లోట్రిమజోల్, కీటోకోనజోల్, ల్యులికోనజోల్ లాంటి ఒక్క ఫంగస్ మందు మాత్రమే ఉన్న క్రీము చాలు. ఎలా రాయాలన్నదాంట్లోనే చాలామంది తప్పుతారు. మంట అంచున ఉందని చెప్పుకున్నాం కదా. అంచు దాటి బయట, మామూలుగా కనిపించే చర్మంలో కూడా ఫంగస్ అప్పటికే అడుగుపెట్టి ఉంటుంది. అందుకే మచ్చ అంచు నుంచి మరో 2 సెంటీమీటర్లు, అంటే సుమారు ఒక బొటనవేలి వెడల్పు, బయటిదాకా రాయాలి. బయటి నుంచి లోపలికి రాయాలి. మామూలుగా రోజుకి 2 సార్లు, ల్యులికోనజోల్ అయితే ఒకసారి. మచ్చ కంటికి కనబడకుండా పోయాక ఇంకో 2 వారాలు. ఈ చివరి రెండు వారాలే అందరూ ఎగ్గొట్టేది. దురద పోయిన రోజు ఫంగస్ పోయిన రోజు కాదు.

ఎంత రాయాలో కూడా ఒక లెక్క ఉంది. ట్యూబు నుంచి చూపుడు వేలి చివరి కణుపు పొడవునా పిండితే దాదాపు అర గ్రాము. అది వేళ్లతో సహా రెండు అరచేతులంత చోటుకి సరిపోతుంది. మా వాడికి రెండు తొడలు, నడుము కలిపి పూటకి మూడు కణుపులు పట్టేది, అంటే ఒకటిన్నర గ్రాము. రోజుకి రెండు పూటలంటే 3 గ్రాములు. 15 గ్రాముల ట్యూబు అయిదు రోజులకే ఖాళీ. నెల రోజులకి ఒక ట్యూబు సర్దుకుందాం అనుకుంటే వైద్యం జరిగినట్టు కాదు. ఖర్చు సంగతి డాక్టరుకి మొహమాటపడకుండా చెప్పండి. జనరిక్ మందు రాయమనొచ్చు, జనౌషధి దుకాణాల్లో అడగొచ్చు.

ఒళ్లంతా పాకినా, స్టెరాయిడ్ రాసి ముదిరినా, గోళ్లకి, మొహానికి, తలకి వచ్చినా పూతమందు ఒక్కటే సరిపోదు. పిల్లల తల మీద పొట్టు రేగి, జుట్టు తునిగి గుండ్రంగా ఊడిపోతే అది కూడా తామరే కావచ్చు, దానికి మాత్రలు వాడక తప్పదు. మాత్రలు డాక్టరు రాయాల్సినవే. ఇట్రాకోనజోల్ మాత్ర గురించి మాత్రం ఒక మాట. ఆ క్యాప్సూల్ కడుపులో యాసిడ్ ఉంటేనే సరిగ్గా ఒంటికి పడుతుంది, అందుకే భోజనం చేశాక వేసుకోమంటారు. మనలో చాలామందికి పొద్దున లేవగానే గ్యాస్ మాత్ర వేసుకునే అలవాటుంది. ఆ గ్యాస్ మాత్ర యాసిడ్‌ని తగ్గించేస్తుంది, ఈ ఖరీదైన మాత్ర సగం వృథా అవుతుంది. గ్యాస్ మాత్రని మందు కింద లెక్కెయ్యరు కాబట్టి డాక్టరుకి చెప్పరు. చెప్పండి. కొలెస్టరాల్ మాత్రలు, గుండె మందులు, కాలేయ జబ్బు, గర్భం, పిల్లకి పాలివ్వడం, ఇవన్నీ కూడా చెప్పాల్సినవే. కొన్ని కొలెస్టరాల్ మాత్రలతో ఇది అస్సలు పడదు, గుండె బలహీనంగా ఉన్నవాళ్లకి మంచిది కాదు.

పసర్ల గురించి అడుగుతారు. మెట్టతామర ఆకు మన ఊళ్లలో తామరకి రుద్దేవారు, దాంట్లో ఫంగస్‌ని అణిచే గుణం ఉన్నమాట నిజమే. కానీ అప్పటికే పుండుపడిన గజ్జల్లో పచ్చి పసరు రుద్దితే చర్మం బొబ్బలెక్కుతుంది. వెల్లుల్లి నూరి కట్టడం, నిమ్మరసం, డెట్టాల్ నీళ్లు నేరుగా పోసుకోవడం, ఇవి కాల్చి పెడతాయి. కాలిన పుండు మీద దురద తెలియదు కాబట్టి తగ్గినట్టే ఉంటుంది.

మందు ఎంత సరిగ్గా రాసినా ఇల్లు మారకపోతే జబ్బు పోదు. రాలిన పొట్టులో ఫంగస్ విత్తనాలు చాలాకాలం బతుకుతాయి. అవి తువ్వాల్లో, దుప్పట్లో, లోదుస్తుల్లో ఉంటాయి. తువ్వాలు ఎవరిది వాళ్లదే ఉండాలి. రోగి బట్టలు విడిగా, వేడినీళ్లలో నానబెట్టి ఉతికి, తిరగేసి ఎండలో ఆరేయాలి. వానాకాలంలో ఎండ లేకపోతే లోదుస్తులు తిరగేసి ఇస్త్రీ చేయాలి. స్నానం చేశాక గజ్జలు, వేళ్ల సందులు పూర్తిగా తుడుచుకుని, ఆరనిచ్చి అప్పుడు బట్ట కట్టాలి. కాలి గోళ్లకో, వేళ్ల సందులకో ఫంగస్ ఉంటే అక్కడి నుంచి గజ్జలకి ఎక్కుతుంది. అందుకే సాక్సు తొడిగాకే లోదుస్తు వేసుకోమంటారు, పాదం తగిలి అంటకుండా. ఇంట్లో ఎంతమందికి ఉంటే అంతమందికీ ఒకేసారి వైద్యం జరగాలి. మొగుడికి తగ్గేసరికి పెళ్లానికి, పెళ్లానికి తగ్గేసరికి మళ్లీ మొగుడికి, ఇలా ఏడాది పొడుగునా తిరిగే ఇళ్లున్నాయి.

మన దగ్గర ఎక్కువమందికి తట్టనిది మొలతాడు. రోజంతా చెమటతో తడిసి, నడుముకి అంటుకుని ఉండే నూలుతాడు ఫంగస్‌కి మంచి ఇల్లు. నడుము చుట్టూ తామర ఉన్నంతకాలం దాన్ని తీసేయమని చర్మ వైద్యులు చెబుతారు. ఆడవాళ్లకి లంగా బొందు బిగించే చోట ఇదే బాధ. పొద్దుటి నుంచి రాత్రిదాకా బొందు ఒకేచోట ఒరుసుకుని, వంటింటి వేడికి చెమట పట్టి, అక్కడే మొదలవుతుంది. బొందు ప్రతిరోజూ ఉతికింది కట్టుకోవడం, కాస్త వదులుగా, చోటు మార్చి కట్టడం, వెడల్పు పట్టీ ఉన్న లంగా వాడడం పనికొస్తాయి. ఇంట్లో మగపిల్లాడు నిలదీస్తే చెప్పాడు. రొమ్ముల కింద, తొడల మధ్య దురదతో ఏళ్లు గడిపేసే అక్కలూ అత్తలూ మనం అడిగినా చెప్పరు. ఎవరికి చూపించాలన్నా మగ డాక్టరేమోనన్న బెరుకు. వాళ్ల కోసం ఆడ డాక్టరు ఎక్కడున్నారో కనుక్కుని, తోడెళ్లే పని ఇంట్లో ఎవరో ఒకరు తీసుకోవాలి.

ఇంత జాగ్రత్త తీసుకున్నా కొందరికి తగ్గడం లేదు. దానికి ఇంకో కారణం ఫంగస్సే మారడం. జపాన్‌లో ఒక భారతీయ రోగి, ఒక నేపాలీ రోగి నుంచి తీసిన నమూనాల్లో అక్కడి శాస్త్రవేత్తలు కొత్త జాతిని గుర్తించి 2020లో దానికి 'ట్రైకోఫైటాన్ ఇండోటినియే' అని పేరు పెట్టారు. పేరులోనే మన దేశం ఉంది. తామరకి ఏళ్ల తరబడి నమ్మకంగా పనిచేసిన టెర్బినఫైన్ దీనికి తరచుగా లొంగదు, ఆ మందు దెబ్బకొట్టే ఎంజైమునే ఇది మార్చేసుకుంది. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు మహిళలకు ఇదే సోకిందని అమెరికా వ్యాధుల నియంత్రణ కేంద్రం ప్రకటించింది. అమెరికాలోనో, యూరప్‌లోనో, గల్ఫ్‌లోనో ఉన్న తెలుగువాళ్లు అక్కడి డాక్టరుకి "ఈ మధ్య ఇండియా వెళ్లొచ్చాను, అక్కడ ఫలానా క్రీము రాశాను" అని చెప్పడం చాలా అవసరం. ఇండియా నుంచి ఎవరైనా వస్తుంటే పచ్చళ్లతో పాటు ఆ పాత ట్యూబు కూడా తెప్పించుకునే అలవాటుంటే మానుకోవాలి.

వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిన సందర్భాలు వేరే ఉన్నాయి. ఎరుపు గంటగంటకీ పాకుతూ, ముట్టుకుంటే వేడిగా, నొప్పిగా ఉండి జ్వరం వస్తే అది తామర కాదు, చర్మం లోపలి పొరల్లో బ్యాక్టీరియా చేరింది. కొత్త మాత్ర మొదలుపెట్టాక ఒళ్లంతా దద్దుర్లు, నోట్లో పుండ్లు, కళ్లు ఎర్రబడడం ఉంటే ఆ మాత్ర పట్టుకుని పరుగెత్తాలి. దద్దుర్లతో పెదాలు వాచి ఊపిరి ఆడకపోతే ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. షుగర్ ఉన్నవాళ్లకి పాదం మీద ఏ పుండైనా చిన్నది కాదు. తామరో, సెగగడ్డలో తగ్గినట్టే తగ్గి మళ్లీ మళ్లీ వస్తుంటే షుగర్ పరీక్ష చేయించుకోండి, జబ్బు బయటపడింది అలాగేనని చెప్పేవాళ్లు నాకే ఇద్దరు తెలుసు.

ఇప్పటికే నెలల తరబడి స్టెరాయిడ్ ట్యూబు రాస్తున్నవాళ్లకి ఒక మాట. ఆపిన కొద్దిరోజులకి ఎరుపు, మంట, దురద ఒక్కసారిగా ఎగదన్నుతాయి. మొహం మీద మరీ ఎక్కువ. అప్పుడే అందరూ భయపడి మళ్లీ ట్యూబు పట్టుకుంటారు. కాబట్టి ట్యూబు తీసుకుని ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి, ఆ రోజుల్ని ఎలా దాటాలో వాళ్లు చూస్తారు. మా వాడికి ఆ పది రోజులు నరకంలా గడిచాయి. రాత్రిళ్లు నిద్రపట్టడానికి దురద మాత్ర, తడిగుడ్డ, పక్కన ఫ్యాను. "మావయ్యా, ఒక్కసారి ఆ పాతది రాసుకోనా" అని అర్ధరాత్రి ఫోన్ చేశాడు. వద్దని ఎంతసేపు మాట్లాడానో గుర్తులేదు.

ఆరు వారాలు మాత్రలు, పూతమందు నడిచాయి. మా అమ్మ, అంటే వాడి అమ్మమ్మ, మొలతాడు తీయడానికి మొదట ఒప్పుకోలేదు. మైక్రోస్కోపులో చూసింది నేను చెప్పాక, తనే కత్తెర తెచ్చి కత్తిరించింది. మచ్చలన్నీ పోయాయి, నల్లటి నీడ మిగిలింది, అదీ మెల్లగా వెలుస్తోంది. చివరిసారి వెళ్లినప్పుడు వాడు తొడల మీద చారలు చూపించి, ఇవెప్పుడు పోతాయని అడిగాడు. ఎరుపు తగ్గి తెల్లగా మారతాయి, పూర్తిగా మాత్రం పోవు అని డాక్టరమ్మ చెప్పింది. వాడు కాసేపు వాటివంక చూసుకుని, ఇంకా ఎన్ని రోజులు క్రీము రాయాలని అడిగాడు. పద్నాలుగు అంది. ఫోన్‌లో రాసుకున్నాడు.